రొమ్ము క్యాన్సర్: కణితిలో హార్మోన్లు, రిసెప్టర్లు

రొమ్ము క్యాన్సర్లలో చాలావరకు ఈస్ట్రోజెన్ హార్మోన్ అండతో పెరుగుతాయి. కణితికి ఆ అండ ఎంత ఉందో తెలిస్తే జబ్బు ఏ మందుకు లొంగుతుందో, తిరగబెట్టే ముప్పు ఎప్పుడు ఎక్కువో అంచనా వేయవచ్చు. అయితే ఆసుపత్రుల్లో మామూలుగా కొలిచేది కణితిలోని హార్మోన్ మోతాదును కాదు, హార్మోన్లను పట్టుకొనే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ రిసెప్టర్లను.

కణితిలో హార్మోన్

ముట్లుడిగాక అండాశయాల్లో ఈస్ట్రోజెన్ తయారీ దాదాపు ఆగిపోతుంది. అప్పుడు కూడా కొవ్వులోను, కణితిలోను ఉండే అరోమటేజ్ ఎంజైము ఆండ్రోజెన్లను ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. అందువల్ల రక్తంలో కంటే కణితిలో ఈస్ట్రోజెన్ ఎన్నో రెట్లు ఉండవచ్చు. లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ మాత్రలు ఈ ఎంజైమునే అడ్డుకుంటాయి.

అండాశయాలు తీసేస్తే ముదిరిన కణితులు కొన్ని కుంచించుకుపోతాయని 1896లో గ్లాస్గో వైద్యుడు జార్జ్ బీట్సన్ చూపాడు. 1950ల చివర ఎల్వుడ్ జెన్సన్ పరిశోధనల్లో ఈస్ట్రోజెన్ రిసెప్టర్ బయటపడ్డాక దీని కారణం తేలింది. రిసెప్టర్‌ను అడ్డుకొనే టామాక్సిఫెన్‌కు అమెరికాలో 1977లో అనుమతి దొరికింది.

ఫలితాలు

రిసెప్టర్లున్న కణితులు సాధారణంగా నెమ్మదిగా పెరుగుతాయి. ఐదేళ్లు టామాక్సిఫెన్ వాడితే, తొలి 15 ఏళ్లలో ఈ జబ్బుతో మరణించే ముప్పు సుమారు మూడో వంతు తగ్గుతుంది. కానీ 20 ఏళ్ల తర్వాత కూడా తిరగబెట్టే ముప్పు కొంత మిగిలే ఉంటుంది. రిసెప్టర్లు లేనివి తిరగబెడితే ఎక్కువగా తొలి ఐదేళ్లలోనే తిరగబెడతాయి. వాటికి హార్మోన్ మాత్రలు పనిచేయవు, కీమోథెరపీయే ముఖ్యం.

పాశ్చాత్య దేశాలతో పోలిస్తే భారతదేశంలో రిసెప్టర్లు లేని కణితులు ఎక్కువ. ఇక్కడ దాదాపు మూడో వంతు ట్రిపుల్ నెగటివ్ రకానివి, అంటే ఈ రెండు రిసెప్టర్లతో పాటు HER2 కూడా నెగటివ్‌గా ఉండేవి.

పరీక్ష

గడ్డ నుంచి తీసిన ముక్కకు ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ రంగు వేస్తారు. రిసెప్టర్లున్న కణాల కేంద్రకాలు మైక్రోస్కోపు కింద గోధుమరంగులో కనిపిస్తాయి. నూటికి ఒక కణానికైనా రంగు పడితే పాజిటివ్‌గా లెక్క. ఈస్ట్రోజెన్ రిసెప్టర్ 1 నుంచి 10 శాతం కణాల్లోనే ఉంటే 'లో పాజిటివ్' అని రాస్తారు. రంగు పడిన కణాల వంతును, రంగు గాఢతను కలిపి 8కి వేసే ఆల్రెడ్ స్కోరూ వాడుకలో ఉంది.

ముక్క తీసిన గంటలోపు దాన్ని ఫార్మాలిన్‌లో వేయాలి, 6 నుంచి 72 గంటలు ఉంచాలి. ఆలస్యం చేసినా, సెలైన్‌లో వేసి పంపినా ఉన్న రిసెప్టర్లు లేనట్టు కనిపించవచ్చు. ఆళ్లగడ్డలోనో ప్రొద్దుటూరులోనో ముక్క తీసి కర్నూలు, కడప, తిరుపతి ల్యాబులకు పంపేటప్పుడు ఈ జాగ్రత్త మరీ అవసరం.

జబ్బు తిరగబెట్టినప్పుడు రిసెప్టర్ల స్థితి మారవచ్చు కాబట్టి, వీలైతే మళ్లీ ముక్క తీసి పరీక్షిస్తారు. మొదటి రిపోర్టును, ముక్కను భద్రపరచిన మైనపు బ్లాకును రోగి కుటుంబం భద్రంగా ఉంచుకోవాలి.