ద్వీపములపై కారుచిచ్చు

పొందూరు మైదానమునకు ఉత్తరముగా పాలకొండ, సీతంపేట కొండలు కలవు. అక్కడి సవరలు తరతరములుగా పోడు వ్యవసాయము చేయుచు వచ్చిరి. వేసవిలో చెట్లు నరికి, ఎండనిచ్చి, తొలకరికి ముందు కాల్తురు. బూడిద నేలకు ఎరువగును. వెనువెంటనే వచ్చు వానయే ఆ నిప్పునకు కళ్లెము.

నిప్పునకు అట్టి కళ్లెము లేనిచో ఏమగునో తెలియవలెనన్న, ఈ తీరపు ప్రజలు వలసపోయిన ఒక ద్వీపదేశమును చూడవలెను. 1903 నుండి 1916 వరకు మదరాసు రేవునుండి వేలకొలది కూలీలు ఫిజీ చెరకుతోటలకు పోయిరి. వారిలో నాటి విశాఖపట్టణము జిల్లావారు పలువురు. ఆ తోటలు ఎక్కువగా ద్వీపముల పడమటి భాగమున ఉన్నవి. ఆగ్నేయమునుండి వీచు వ్యాపార పవనములు తూర్పు కొండలపై వర్షించి, పడమటివైపునకు పొడిగా దిగును. అచ్చటి గడ్డినేలలను ఫిజీవారు 'తలసింగ' అందురు. ఎండకు మాడిన నేల యని భావము. భారతీయులు పోకమునుపే, మానవులు మాటిమాటికి నిప్పు పెట్టుటచే అడవి తరిగి ఈ గడ్డి వ్యాపించినది. పసిఫిక్ సముద్రజలములు వేడెక్కు ఎల్ నినో సంవత్సరములలో ఇచ్చట అనావృష్టి కలుగును. 1997-98లో చెరకుపంట ఘోరముగా దెబ్బతినెను.

తోటలున్నచోటనే కాదు, తోటలు మూతపడినచోటను ప్రమాదము కలదు. హవాయి దీవులలోని లహైనా పట్టణమున చక్కెర మిల్లు 1999లో మూతపడెను. బీడుపడిన చెరకు భూములను, పశుగ్రాసముగా తెచ్చిన ఆఫ్రికా గడ్డి ఆక్రమించెను. 2023 ఆగస్టు 8న పెనుగాలికి తెగిన విద్యుత్తీగ నిప్పురవ్వలు ఎండుగడ్డిపై పడెను. పట్టణము కాలిపోయి, నూరుమందికి పైగా మరణించిరి.

అగ్నికి మూడు కావలెను: ఇంధనము, ప్రాణవాయువు, వేడి. గాలిని మనము ఆపలేము. తీగ తెగుటనో, ఒకని అజాగ్రత్తనో ప్రతిసారి నివారింపలేము. కాని ఇంధనమును తగ్గింపవచ్చును. పశువులను మేపుట, ఊరిచుట్టు గడ్డి కోసి అగ్నిరేఖలు తీయుట, బీడులో చెట్లు నాటుట అట్టి ఉపాయములు. ఎల్ నినో రాకను ఇప్పుడు కొన్ని నెలలు ముందుగనే అంచనా వేయవచ్చును గనుక, ఆ పని సకాలమున చేయ వీలగును. ద్వీపమునకు సాయము సముద్రము దాటి రావలెను. కావున ముందుజాగ్రత్తయే అచ్చట ముఖ్యము.

భూగోళము వేడెక్కుచున్న కొలది ఎండిన గడ్డి మరింత త్వరగా అంటుకొనును. వానరాకయు మునుపటివలె నమ్మదగినది కాదు. వానను నమ్ముకొని నిప్పు పెట్టిన కాలపు పాఠము మన కొండలకును, దూరద్వీపములకును ఒక్కటే: కళ్లెము సడలినప్పుడు మేతను తగ్గింపవలెను.