ఒక శంకువు, రెండు తీగచుట్టలు

హైదరాబాదులో అమీర్‌పేట, పంజగుట్ట పరిసరములందు కార్లకు హంగులు అమర్చు దుకాణములలో పెద్ద పెద్ద స్పీకర్లు అమ్మకమునకు పెట్టియుండును. మంద్రధ్వనులను మాత్రమే పలికించు ఈ స్పీకరును సబ్‌వూఫరు అందురు. సాధారణపు స్పీకరునకు వెనుక తీగలు బిగించుటకు రెండు కొసలే ఉండును. వీనిలో పెక్కింటికి నాలుగు ఉండును. ప్రక్కనే "4+4 ఓములు" అనియో, "2+2 ఓములు" అనియో అచ్చువేసియుండును. శంకువు ఒక్కటే, అయస్కాంతము ఒక్కటే. దానిలో కదలు తీగచుట్టలు మాత్రము రెండు. ఒకటి చేయు పనికి రెండేల? చుట్టలు రెండైన శబ్దము రెట్టింపగునని కొందరు నమ్ముదురు. అది సరికాదు. దీని కారణము చెవికి సంబంధించినది కాదు, కారు బ్యాటరీకి సంబంధించినది.

అయస్కాంత క్షేత్రములో వ్రేలాడు తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించినచో చుట్ట కదలునను విషయమును శబ్దోత్పత్తికి వాడు ఊహ చాల పాతది. 1874లోనే వెర్నర్ సీమెన్సు అట్టి పరికరమునకు పేటెంటు పొందెను. కాని దానిని మాట్లాడించుటకు తగిన సంకేతము ఆనాడు లేదు. యాంప్లిఫయరు అప్పటికి పుట్టలేదు. 1898లో ఇంగ్లండునందు ఆలివర్ లాడ్జి మరల అదే మార్గమున నడిచెను. 1915లో కాలిఫోర్నియాలో పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిధమ్ అను ఇద్దరు కదలుచుట్టకు బాకా తగిలించి, శాన్‌ఫ్రాన్సిస్కో నగరసభా భవనము ఎదుట కూడిన జనమునకు పాటలు వినిపించిరి. నేడు మనమెరిగిన కాగితపు శంకువు స్పీకరునకు శాస్త్రీయమైన రూపము నిచ్చినవారు జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన చెస్టర్ రైసు, ఎడ్వర్డ్ కెల్లాగు. వారి పత్రము 1925లో వెలువడినది. నూరేండ్లు గడచినను స్పీకరు నిర్మాణము మూలమున మారలేదు. మారినది దానిని నడపు యాంప్లిఫయరు.

వాల్వుల కాలమున స్పీకరునకును యాంప్లిఫయరునకును మధ్య ఒక మధ్యవర్తి ఉండెడిది. వాల్వు ఎక్కువ వోల్టేజితో తక్కువ ప్రవాహము నిచ్చును. స్పీకరు తక్కువ వోల్టేజితో ఎక్కువ ప్రవాహమును కోరును. ఈ ఇద్దరికిని పొత్తు కుదిర్చినది ట్రాన్స్‌ఫార్మరు. దాని చుట్టల నిష్పత్తిని మార్చినచో 4 ఓముల స్పీకరైనను 16 ఓముల స్పీకరైనను ఒకే యాంప్లిఫయరునకు సరిపోవును. కారు రేడియోలలో చిక్కు మరియొకటి. 1930ల నాటి కార్లలో 6 వోల్టుల బ్యాటరీ ఉండెడిది. వాల్వులకో 200 వోల్టులైనను కావలెను. అందుచేత కంపించు చిన్న రేకుతో బ్యాటరీ ప్రవాహమును సెకనునకు నూరుసార్లకు పైగా తెంచి, కలిపి, ట్రాన్స్‌ఫార్మరుద్వారా హెచ్చించెడివారు. ఆ రేకు చేయు జుంజుమ్మను రొద ఆనాటి కారు రేడియోకు సహజాలంకారము.

1956వ సంవత్సరము అమీర్‌పేటకు గుర్తుండదగినది. హైదరాబాదులో తొలి సినిమా స్టూడియోయగు సారథీ స్టూడియో ఆ యేట అక్కడ వెలసినది. 1959లో వచ్చిన "మా ఇంటి మహాలక్ష్మి" పూర్తిగా హైదరాబాదులోనే తీసిన మొదటి తెలుగు చిత్రము. ఆనాటి సినిమాహాళ్లలో మ్రోగినవి వాల్వు యాంప్లిఫయర్లే. అయితే అదే 1956లో అమెరికాలో ఆర్.సి.ఏ. సంస్థకు చెందిన హెచ్. సి. లిన్ అను ఇంజనీరు, వెలుపలి ట్రాన్స్‌ఫార్మరు అక్కరలేని ట్రాన్సిస్టరు యాంప్లిఫయరును ప్రకటించెను. ట్రాన్సిస్టరు తక్కువ వోల్టేజితోనే పెద్ద ప్రవాహము నీయగలదు కనుక అది స్పీకరును నేరుగా నడపగలదు. బరువు తగ్గినది, ఖర్చు తగ్గినది. కాని మధ్యవర్తి పోయినప్పుడు ఇద్దరిలో ఒకరు తమ పద్ధతిని మార్చుకొనక తప్పదు గదా! కారులో మారవలసి వచ్చినది స్పీకరే.

ఎందుకో చిన్న లెక్క చెప్పును. కార్లలో 12 వోల్టుల బ్యాటరీలు వచ్చినవి. ఇంజను నడచుచుండగా ఆ వోల్టేజి సుమారు 14.4 వరకు పోవును. అంతకంటె ఎక్కువ ఊగుటకు ట్రాన్సిస్టరునకు తావులేదు. అనగా తరంగము మధ్యనుండి పైకి 7.2, క్రిందికి 7.2 వోల్టులు. దీని వర్గమధ్యమ మూలము 5.1 వోల్టులు. 4 ఓముల స్పీకరులో ఇది వెలువరించు సామర్థ్యము సుమారు 6.5 వాట్లు మాత్రమే. ఎంత గొప్ప ట్రాన్సిస్టరు వాడినను ఈ సంఖ్య పెరుగదు. వోల్టేజి కదలనప్పుడు సామర్థ్యము పెంచు మార్గములు రెండే: నిరోధమును తగ్గించుట, లేదా రెండు యాంప్లిఫయర్లను చేరొక కొసకు తగిలించుట.

రెండవ మార్గమునకు బ్రిడ్జి అని పేరు. ఒక ఛానలు పైకి నెట్టునప్పుడు రెండవది క్రిందికి లాగును. స్పీకరు కొసల మధ్య వోల్టేజి రెట్టింపగును. సామర్థ్యము వోల్టేజి వర్గముతో పెరుగును గనుక నాలుగు రెట్లగును. 6.5 వాట్లు 26 వాట్లైనవి. కారు స్టీరియో ముఖమున "50 వాట్లు × 4" అని వ్రాసియుండుట చాలమంది చూచియుందురు. ఆ 50 ఎక్కడిదనగా, తరంగము పై, క్రింది కొనలు తెగి పూర్తిగా చతురస్రమైనప్పుడు 14.4 వోల్టులు 4 ఓములలో నిచ్చు 51.8 వాట్లు. అట్టి సంగీతమును ఎవరును వినలేరు. వ్రాత అబద్ధమనుటకు లేదు, నిజమనుటకు మనసొప్పదు.

ఆపై మెట్టు 1970లలో వచ్చినది. అమెరికాలో జిమ్ ఫాస్‌గేట్ మొదలగువారు కారుకొరకు ప్రత్యేకముగా శక్తిమంతములైన యాంప్లిఫయర్లు తయారుచేసిరి. ఇట్టివానిలో బ్యాటరీ ప్రవాహమును ట్రాన్సిస్టర్లతో వేగముగా తెంచి కలిపి, చిన్న ట్రాన్స్‌ఫార్మరుతో వోల్టేజిని పెంచు ఏర్పాటు స్థిరపడినది. ఇది వెనుకటి కంపించు రేకు చేసిన పనియే. రొద మాత్రము లేదు.

ఇక రెండు చుట్టల సంగతి. ఈ ఊహ ఇంటి స్పీకర్లలోను వాడుకలో ఉండెను. సెకనునకు 40 కంపనములు గల ధ్వనికి తరంగదైర్ఘ్యము గాలిలో సుమారు 8.6 మీటర్లు, అది కారు పొడవుకంటె రెట్టింపు. అంతటి ధ్వని ఎడమనుండి వచ్చినదో కుడినుండి వచ్చినదో చెవి గుర్తింపలేదు. కావున మంద్రస్థాయికి ఒక్క స్పీకరు చాలును. ఒక చుట్టకు ఎడమ ఛానలును, రెండవదానికి కుడి ఛానలును ఇచ్చినచో రెండు సంకేతములను ఆ శంకువే తన కదలికలో కలుపుకొనును. 1970లలోనే విలియం వాట్కిన్స్ రెండు చుట్టల వూఫరును మరియొక ప్రయోజనమునకు, అనగా అనునాదము దగ్గర యాంప్లిఫయరు నుండి తగినంత శక్తిని గ్రహించుటకు, రూపొందించెను. ఇన్ఫినిటి సంస్థ దానిని తన స్పీకర్లలో వాడినది. కారువారికి ఈ రెండు చుట్టలలో వేరొక లాభము తోచినది. ట్రాన్స్‌ఫార్మరు పోయిన తరువాత నిరోధమును మార్చుకొను వీలు స్పీకరులోనే దొరికినది. 4+4 ఓముల చుట్టలను శ్రేణిలో కలిపిన 8 ఓములు, సమాంతరముగా కలిపిన 2 ఓములు. 2+2 అయిన 4 గాని 1 గాని. ఒకే వస్తువు, రెండు ముఖములు.

తప్పులు జరుగునది ఇక్కడనే. నాలుగు ఛానళ్ల యాంప్లిఫయరును తీసికొందము. ఒక్కొక్క ఛానలు 2 ఓముల వరకు భరించునని, బ్రిడ్జి చేసినప్పుడు 4 ఓములకు తగ్గరాదని దానిపై వ్రాసియుండును. ఈ భేదమేల? బ్రిడ్జిలో ఒక కొస పైకి, మరియొక కొస క్రిందికి సమానముగా పోవుటచే చుట్ట నడిమి బిందువు కదలక నిలుచును. ప్రతి ఛానలునకు సగము చుట్ట మాత్రమే భారముగా కనబడును. 4 ఓములను బ్రిడ్జికి కలిపినచో ఛానలుకు 2 ఓములు. ఎక్కువ శబ్దము రావలెనని 4+4 చుట్టలను సమాంతరము చేసి 2 ఓములుగా బ్రిడ్జికి కలిపినచో ఛానలు నెత్తిన పడునది 1 ఓము. ప్రవాహము రెట్టింపగును. యాంప్లిఫయరు కొంతసేపు దివ్యముగా మ్రోగును, పిమ్మట వేడెక్కి రక్షణదీపము వెలిగించి మూగపోవును. రక్షణ లేనిదైన ట్రాన్సిస్టర్లు మాడును. దుకాణము ముందర అయిదు నిమిషములు విన్నప్పుడు ఈ దోషము తెలియదు. వేసవిలో, మూసిన డిక్కీలో, ఊరికి దూరముగా తెలియును.

అదే యాంప్లిఫయరుతో సరియైన మార్గములు లేకపోలేదు. 2+2 స్పీకరైన చుట్టలను శ్రేణిలో కలిపి 4 ఓములుగా ఒక జంట ఛానళ్ల బ్రిడ్జికి ఈయవచ్చును. మిగిలిన రెండు ఛానళ్లు తలుపులలోని స్పీకర్లకు మిగులును. 4+4 స్పీకరైన, నాలుగు ఛానళ్లను రెండు బ్రిడ్జీలుగా చేసి ఒక్కొక్క చుట్టకు ఒక్కొక్క జంటను కేటాయింపవచ్చును. అప్పుడు రెండు జంటలకు ఒకే సంకేతము, ఒకే హెచ్చింపు ఉండి తీరవలెను. రెండు చుట్టలు ఒకే గొట్టముపై చుట్టినవి; ఒకదాని కదలిక రెండవదానిలో వోల్టేజిని ప్రేరేపించును. కాడికి కట్టిన ఎద్దులలో ఒకటి మొండికేసినచో రెండవది దానినికూడ ఈడ్వవలసివచ్చును గదా, ఇదియు అంతే. రెండు యాంప్లిఫయర్ల వెలుపలి కొసలను తెచ్చి ఒకే చుట్టకు కలుపుట మాత్రము ఎన్నడును కూడదు.

శ్రేణిలో కలిపిన ధ్వని మెత్తనిదనియు, సమాంతరములో బిగువైనదనియు ఒక వాదము వినబడుచుండును. లెక్క దీనిని ఒప్పదు. శంకువును అదుపుచేయు విద్యుద్బంధనము చుట్టయొక్క బలగుణకపు వర్గమును నిరోధముచే భాగించిన దానిపై ఆధారపడును. శ్రేణిలో గుణకము రెట్టింపై దాని వర్గము నాలుగు రెట్లగును, నిరోధము రెట్టింపగును. సమాంతరములో గుణకము ఒక చుట్టదే, నిరోధము సగము. రెండింటను ఫలితము ఒక చుట్టకు రెండు రెట్లే. తేడా వచ్చునది ఒక చుట్టను మాత్రము వాడి రెండవదానిని వదలివేసినప్పుడు. అప్పుడు బంధనము సగమగును, శంకువు కొంత వదులుగా ఊగును. 1961లో నెవిల్ థీల్, 1970లలో రిచర్డ్ స్మాల్ ఆస్ట్రేలియాలో ఏర్పరచిన సూత్రములతో పెట్టెకు తగిన కొలతలు లెక్కించువారు ఈ సంగతి మరువరాదు.

వాట్ల విషయమున మోసపోకుండుటకు ఫ్యూజును చూచుట మేలు. 1000 వాట్లని అచ్చువేసిన యాంప్లిఫయరులో 30 ఏంపియర్ల ఫ్యూజు ఒక్కటే ఉన్నచో, 14.4 వోల్టుల వద్ద అది గ్రహింపగలది 432 వాట్లు. అందు సగమునకు కొంచెము మించి మాత్రమే పాత తరగతి యాంప్లిఫయరునుండి ధ్వనికి పోవును. 1935లో హైదరాబాదున దక్కన్ రేడియో 200 వాట్ల ప్రసారిణితో మొదలైనది. ఆ సంఖ్యను తలచుకొన్నచో డిక్కీలోని అచ్చు అక్షరములు మరింత వింతగా తోచును.

పంజగుట్టలోనే నిజాం వైద్యవిజ్ఞాన సంస్థ ఆసుపత్రి కలదు. 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు ఆసుపత్రుల చుట్టు కనీసము 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతముగా పరిగణించి, పగలు 50, రాత్రి 40 డెసిబెళ్ల పరిమితి విధించినవి. కాని ఆ కొలత చెవి వినికిడిని అనుసరించి మంద్రధ్వనులను తగ్గించి లెక్కించును. 40 కంపనముల ధ్వని దాదాపు 35 డెసిబెళ్లు తక్కువగా నమోదగును. గాజుతలుపులు అదరుచుండగా మీటరు మాత్రము శాంతముగా ఉండుట ఇందువలననే.

పాఠశాలలో రెండు చుట్టల పాత సబ్‌వూఫరు దొరికిన ఒక పరీక్ష చేయవచ్చును. ఒకటిన్నర వోల్టుల సెల్లును మొదటి చుట్టకు తాకించి, శంకువు ముందుకు వచ్చు విధముగా ధనాగ్రమును గుర్తింపవలెను, రెండవదానికిని అట్లే. పిమ్మట రెండు చుట్టలను శ్రేణిలో, ఒకదానిని తలక్రిందులు చేసి, కలిపి సెల్లు తాకించినచో శంకువు కదలదు; రెండు బలములు ఒకదానినొకటి రద్దుచేసికొనును. తరువాత సెల్లు తీసివేసి శంకువును వ్రేళ్లతో మెల్లగా అదిమి వదలవలెను. ఈసారి ఒక చుట్ట కొసలను చిన్న తీగముక్కతో కలిపి మరల అదిమి చూడవలెను. తీగ కలిపిన తరువాత శంకువు తేనెలో కదలుచున్నట్లు బరువుగా చేతికి తెలియును.