రాట్నముల గదిలో విన్న కథలు

డెన్మార్కు దేశమున ఫ్యూన్ ద్వీపమందలి ఓడెన్స పట్టణములో, పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లలో, అనాథలకును ఉన్మత్తులకును ఆశ్రయమైన వైద్యశాల యొకటి యుండెను. అందు తోటపని చేయు వృద్ధురాలి వెంట పోవుచుండిన మనుమడు, ముసలమ్మలు నూలు వడకెడి గదిలో జొరబడి, మనుష్యదేహమున గుండెయు ఊపిరితిత్తులును ప్రేవులును ఎట్లుండునో తనకు తోచినట్లు సుద్దతో తలుపుమీద గీసి ఉపన్యసింపగా, ఇంతటి తెలివిగలవాడు బ్రదికి బట్టకట్టునా యని వారు నివ్వెఱపోయి, ప్రతిఫలముగా తమకు వచ్చిన కథలు చెప్పెడివారు. ఆ బాలుడే, 1805లో ఒక చెప్పులు కుట్టువాని యింట జన్మించిన హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్. ఈ ముచ్చట స్వీయచరిత్రలో ఆతడు వ్రాసికొన్నదే.

1819లో పదునాలుగేండ్ల ప్రాయమున కోపెన్‌హాగెన్ చేరి, నాటకశాల గడప త్రొక్కి భంగపడి, పెద్దల దయచే చదువుకొన్న ఆండర్సన్, 1835లో నాలుగు కథల చిన్ని సంపుటమును ప్రకటించెను. అందు మూడు బాల్యమున రాట్నముల గదిలోను, హాప్ పూలు కోయుచోటను విన్నవి. వానిని శిష్టరచనగా దిద్దక నోట చెప్పునట్లే వ్రాయుట విమర్శకులకు రుచింపలేదు. పైగా, అందొక కథలో మంత్రగత్తె తల నఱికిన సైనికుడు తుదకు రాజగుట పిల్లలకేమి నీతి యని గద్దించిరి. నాకు తోచినంతవరకు, ఆ రెండు నిందలును ఆతని రెండు ఘనతలు. (గ్రాంథికమున వ్రాయుచు వాడుకభాషను మెచ్చుకొనుటకు పాఠకులు నవ్వుదురుగాక!)

విద్యుదయస్కాంత సంబంధమును కనుగొనిన ఓర్‌స్టెడ్ పండితుడొక్కడు మాత్రము, నీ నవల కీర్తి తెచ్చినను ఈ కథలే నిన్ను అమరుని జేయునని మిత్రుడగు ఆండర్సన్‌కు చెప్పెనట.

ఆతని కథలన్నియు స్వదేశములో విన్నవి కావు. 1837 నాటి చక్రవర్తి కొత్తబట్టల కథకు మూలము పదునాలుగవ శతాబ్దపు స్పానిష్ గ్రంథము. అందు తండ్రికి పుట్టనివానికి వస్త్రము కనబడదు. ఆండర్సన్ దానిని, పదవికి తగనివానికి కనబడదని మార్చెను. ఆ కథాంతమున నిజము పలికిన పసివాడు సయితము ప్రూఫులు దిద్దునప్పుడు చేర్చబడినవాడే.

నడివయస్సున వ్రాసిన ఒక చాకలి స్త్రీ కథ మనలో తక్కువమందికి తెలియును. శీతజలమున నిలిచి బట్టలుతుకుచు సారాయి త్రాగు స్త్రీని ఊరంతయు పనికిమాలినదని నిందింపగా, తిండియైన లేక చలినీట నిలుచుదానిని అంత కఠినముగా తీర్పుచేయకుడని తన తల్లి యొక్కతెయే వారించుట ఆండర్సన్ బాల్యమున విన్నాడు; అదియే ఈ కథకు మూలము. ఆమెయు బట్టలుతికియే సంసార మీడ్చినది. పిల్లల పుస్తకములందు ఈ కథ సాధారణముగా కానరాదు. ఆండర్సన్‌ను బాలరచయిత యని ప్రక్కన బెట్టినవారు, ముందు దీనిని చదువవలయునని నా మనవి.