446 బైట్ల గట్టు తగాదా

లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో పీసీక్వెస్ట్ పత్రిక కనబడితే ముందు వెతికేది వ్యాసాల కోసం కాదు, లోపల సీడీ ఉందా పోయిందా అని. అందులో లినక్స్ దొరికేది. ఇంటర్నెట్‌ని గంటల లెక్కన కొనుక్కునే ఆ కాలంలో మా గదిలోకి లినక్స్ వచ్చింది అలాగే.

ముగ్గురికి ఒకటే కంప్యూటర్, విండోస్ 98. సినిమాలకి అది ఉండి తీరాలి. డిస్కుకి మధ్యలో గట్టేసి రెండు మళ్లు చేశాం. రెండో మడిలో లినక్స్ ఎక్కించి స్విచ్ వేస్తే నల్లటి తెర మీద రెండే అక్షరాలు: ఎల్, ఐ. ఇక కదలదు.

వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ రాసిన లిలో అనే బూట్ లోడర్ ఒక్కో మెట్టు దాటుతూ తన పేరులోని నాలుగు అక్షరాల్నీ ఒక్కొక్కటే అచ్చేసేది. ఎల్ దగ్గరే ఆగితే రెండో భాగం రాలేదని. ఐ కూడా పడి ఆగితే, వచ్చింది గానీ నడవలేదని. తన జబ్బు తానే ఇంత పొదుపుగా చెప్పుకునే సాఫ్ట్‌వేర్‌ని నేను మళ్లీ చూడలేదు. మా డిస్కు కొలతలు బయోస్ ఒకలా చెబితే లినక్స్ ఇంకోలా రాసుకుంది. దానికి తోడు పాత బయోస్ 1024 సిలిండర్లు, అంటే సుమారు 8 జీబీ, దాటి చూడలేదు. లినక్స్ డిస్కు చివర్లో పడిందా, శివారు పొలానికి కాలువ నీళ్లు అందనట్టే.

అసలు తగాదా మాత్రం మొట్టమొదటి సెక్టార్ మీద. 1983లో పీసీ డాస్ 2.0తో వచ్చిన ఏర్పాటది. మొత్తం 512 బైట్లు. 64 బైట్లలో హద్దుల పట్టిక, చివర 2 బైట్ల గుర్తు. లేపే కోడ్‌కి మిగిలింది 446. ప్రకాశం బ్యారేజీ దగ్గర తూర్పు కాలువకీ పడమటి కాలువకీ వేర్వేరు రెగ్యులేటర్లున్నాయి. ఇక్కడ రెండిటికీ ఒకటే తలుపు, చివర వచ్చినవాడిదే తాళం. విండోస్ మళ్లీ ఎక్కిస్తే మాటైనా అడక్కుండా తన కోడ్ రాసేసేది. లినక్స్ ఎక్కడికీ పోదు, దారి పోతుంది. అది తెలియక 'ఫార్మాట్ కొట్టెయ్' అన్న సలహాకి ఎన్ని ప్రాజెక్టులు బలయ్యాయో!

1995లో ఎరిక్ బోలిన్ గ్రబ్ అనే ఇంకో బూట్ లోడర్ మొదలుపెట్టింది లినక్స్ కోసం కాదు, గ్నూ హర్డ్ అనే వేరే సిస్టమ్ కోసం. లిలోకి సెక్టార్ల చిరునామాలే తెలుసు. గ్రబ్‌కి ఫైళ్లు చదవడం వచ్చు. అందుకే 'గ్రబ్ రెస్క్యూ' అని ఆగినా 'ఎల్ఎస్'తో విభాగాలు చూసి, రూట్, ప్రిఫిక్స్ చెప్పి, 'ఇన్స్‌మోడ్ నార్మల్', ఆపైన 'నార్మల్' కొడితే మెనూ వస్తుంది. లోపలికెళ్లాక గ్రబ్ మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యకపోతే తెల్లారి అదే తెర.

2012లో విండోస్ 8తో, పాత బయోస్ స్థానంలో యూఈఎఫ్ఐ అందరి కంప్యూటర్లలోకీ వచ్చింది. ఒక చిన్న విభాగంలో ఎవరి ఫోల్డర్ వాళ్లది. 446 గొడవ తీరింది. కానీ సెక్యూర్ బూట్ ఆపకుండా లినక్స్ లేవాలంటే సాధారణంగా దాని లోడర్ మీద మైక్రోసాఫ్ట్ సంతకం ఉండాలి. 2024 ఆగస్టులో ఒక విండోస్ అప్‌డేట్ పాత లోడర్లని చెల్లవంది. చాలా డ్యూయల్ బూట్ కంప్యూటర్లు లినక్స్ వైపు లేవలేదు.

గన్నవరం నుంచి మా మేనల్లుడు తెర ఫొటో పంపాడు. సెక్యూర్ బూట్ ఆపి, లినక్స్‌లోకి వెళ్లి, మోక్‌యుటిల్ అనే కమాండ్‌తో ఆ కొత్త నిబంధన తీసేసి, మళ్లీ ఆన్ చెయ్యమన్నాను.

"విండోస్ ఎగిరిపోదు కదా మావయ్యా?" అని మూడుసార్లు అడిగాడు.