చీటిగుడ్డ, తొక్కుడు లడ్డు, గిల్టు గాజు

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచిన వారానికి, విద్యార్థుల సహాయ బృందం ఒకదానితో నేను అవనిగడ్డ దిగువకు వెళ్లాను. చనిపోయినవాళ్లు పదివేలు దాటారని సర్కారు లెక్కే ఒప్పుకుంది. ఊళ్లలో చెప్పుకునే లెక్క అంతకంటే పెద్దది. మేం బియ్యం, దుప్పట్లు, పాతబట్టలు పంచుతున్నాం. వరుసలో వచ్చిన ఒక ముసలమ్మ బియ్యం కొంగులో పోయించుకుని, అక్కడే నిలబడి, "బియ్యం సరే నాయనా, చుట్టముక్క ఏమన్నా ఉందా?" అని అడిగింది. మాలో కొందరు నవ్వారు. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. మా బృందం పెద్ద, ఇంత చావులో కూడా నీకు చుట్ట కావలసి వచ్చిందా అని కసిరాడు. ఆమె మారుమాట లేకుండా వెళ్లిపోయింది.

ఆ నవ్వుకు నేను ఇప్పటికీ జవాబు వెతుక్కుంటున్నాను. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టిన నాటి నుంచి మన కథల్లో, పాటల్లో కృష్ణా డెల్టా కూలిమనిషి ఆకలి ఉంది. చల్లపల్లి జమీందారీ భూముల మీద అతని పోరాటం ఉంది. గంజి ఉంది, గంజిలోకి ఉప్పు లేకపోవడం ఉంది. అతని భార్య తిరునాళ్లలో గాజుల కొట్టు ముందు నిలబడి ఏ జత ఎంచుకుందో, ఎందుకు ఎంచుకుందో మాత్రం మనకు పట్టలేదు. ఎప్పుడైనా కంటబడితే, అది మధ్యతరగతి మోజు అని తోసేశాం. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' వెలువరించి, రాజుల యుద్ధాల కంటే జనం తిండీ బట్టా ఆటపాటలే చరిత్రకు ముఖ్యమని చూపించారు. ఆయనకు ఆధారాలు చాలావరకు కావ్యాలు. కావ్యాల్లో బట్ట కట్టినవాళ్లు కనిపించినంతగా నేసినవాళ్లు కనిపించరు. బందరు, గుడివాడ, దివి ప్రాంతాల మట్టుకు ఆ నేసినవాళ్ల వైపు నుంచి చూద్దామని నా ప్రయత్నం. సుఖవస్తువులు తయారుచేసిన చేతులకు వాటిని అనుభవించే తాహతు ఈ సీమలో చాలాకాలం లేకపోయింది. అయినా ఆ చేతులు కోరిక చంపుకోలేదు. ఆ కోరికకు చరిత్రలో చోటు ఉండాలన్నదే నా వాదం.

క్రీస్తుశకం 1వ శతాబ్దంలో పేరు తెలియని ఒక గ్రీకు వర్తకుడు రాసిన 'పెరిప్లస్' ఈ తీరాన్ని 'మసాలియా' అంటుంది, ఇక్కడ సన్నని నూలుబట్టలు విస్తారంగా తయారవుతాయని చెబుతుంది. (మస్లిన్ అనే మాట మసూలా నుంచే పుట్టిందని బందరువాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. భాషావేత్తలు ఇరాక్‌లోని మోసుల్ పట్నాన్ని చూపిస్తారు. ఆ గొప్ప మనం వదులుకున్నా నష్టం లేదు, బట్ట మనదే.) 2వ శతాబ్దపు టాలెమీ పేర్కొన్న రేవు 'కొంటకొస్సిల' దివిలోని ఘంటసాలే. అమరావతి, నాగార్జునకొండ శాసనాలు దాన్నే కంటకసోల, కంటకసేల అంటాయి. గుడివాడలో బౌద్ధ స్తూపం దిబ్బ ఉంది. జనం దాన్ని లంజదిబ్బ అంటారు, ఆ పేరెలా వచ్చిందన్న గొడవ వేరు. భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపాల మీద అలెగ్జాండర్ రే పుస్తకం 1894లో వచ్చింది. గుడివాడ పాతవూరి మట్టిలో సీసపు నాణేలతోపాటు పూసలు కూడా దొరికాయి. నాణేన్ని బట్టి రాజు పేరు తేల్చారు, వంశవృక్షాలు గీశారు. పూసను ఎవరు తొలిచారో, ఎవరి మెడలో ఉండేదో అడిగినవాళ్లు తక్కువ. రాజుల మెడల్లోవే అయితే పాతవూరి పెంట దిబ్బల్లో ఎందుకు దొరుకుతాయి?

ఇక అసలు సంగతి, అద్దకం బట్ట. గోల్కొండ సుల్తానుల రేవుగా బందరు 17వ శతాబ్దంలో వెలిగింది. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో ఇక్కడ దిగారు. వాళ్లకంటే ముందే పారశీక వర్తకులున్నారు. 'బందరు', 'కలంకారీ' అనే రెండు మాటలూ వాళ్ల భాష పెట్టిన పేర్లే. కాళహస్తి కలంకారీలో దేవుళ్లూ పురాణాలూ ఉంటే బందరు గుడ్డ మీద తీగలు, పూలు, నెమళ్లు, మసీదు గూడు ఆకారాలు ఎక్కువగా ఉండడానికి కారణం కూడా అదే: అది కొనేవాడి ఇంటి కోసం వేసిన బొమ్మ. ఔరంగజేబు డేరాల లోపలి వైపు బందరు చీటిగుడ్డ వేసి ఉండేదని బెర్నియర్ రాశాడు. కలంతో రాసిన గుడ్డకు గిరాకీ ఎంతో, సరుకు అంత తక్కువని టావెర్నియర్ ఫిర్యాదు. ఉన్న పనివాళ్లనందరినీ కూర్చోబెట్టినా మూడు మూటలు రావడం కష్టమట.

ఎందుకు కష్టమో పెడన వెళ్లి చూస్తే తెలుస్తుంది. కోరా గుడ్డను పేడనీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎండబెట్టి గంజి వదిలించాలి. కరక్కాయ కషాయంలో ముంచాలి. తుప్పుపట్టిన ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్లలో రోజుల తరబడి పులియబెడితే ఒక ద్రవం వస్తుంది. కరక్కాయ పట్టిన గుడ్డ మీద దాన్ని అద్దితే నలుపు తేలుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక అద్దాలి, అప్పటికి గుడ్డ మీద ఏ ఎరుపూ కనబడదు. పారేనీళ్లలో ఝాడించి, చిరివేరు వేసి రాగి కాగుల్లో మరగబెడితే, పటిక ఉన్నచోట ఎర్రబడుతుంది, లేనిచోట మామూలుగా ఉంటుంది. పసుపుకు దానిమ్మ తొక్క, నీలానికి నీలిమందు. ఏ బడీ చెప్పని ఈ రసాయన శాస్త్రం అక్షరం రాని ఇళ్లలో తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది. దీనికి మూలం నీళ్లు. ఉప్పునీరు రంగును చెడగొడుతుంది, నిలవనీరు మరకలు చేస్తుంది. మొదట కృష్ణ పాయలు, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు ఈ పనిని నిలబెట్టాయి.

కాలవలో మొలబంటి నీళ్లలో నిలబడి గుడ్డ ఝాడిస్తున్న ఒక ఆడమనిషి మెరిసే నైలాన్ చీర కట్టుకుని ఉండగా నేను చూశాను. పొగరుబోతు ప్రశ్న ఒకటి వేశాను: ఇంత అందమైన నూలుగుడ్డ చేస్తూ, మీరు ఇదేమిటమ్మా కట్టుకోవడం? "పొద్దస్తమానం నీళ్లలో ఉండేవాళ్లం బాబూ. నూలు చీర అయితే సాయంత్రానికీ ఆరదు. ఇది గట్టెక్కి నడిచే లోపల ఆరిపోద్ది," అంది. యంత్రవస్త్రం మీద నేను రాసిన వాక్యాలన్నీ నాకా గట్టు మీద గుర్తొచ్చాయి.

ఆ గుడ్డ ఐరోపాలో సామాన్యుల ఒంటి మీదికి కూడా వెళ్లింది. ఫ్రాన్సు 1686 నుంచి 1759 దాకా దాన్ని నిషేధించింది. ఇంగ్లండు 1700 నాటి చట్టంతో దిగుమతిని ఆపింది, 1721 చట్టంతో ధరించడాన్నే ఆపింది. ఆ మధ్య, 1719లో, లండన్‌లో పట్టునేత పనివాళ్లు వీధుల్లో ఆడవాళ్ల ఒంటి మీది చీటిగౌన్లు చించేశారు. మన చరిత్రకారులు కంపెనీ కుట్రను వర్ణించినంత ఉత్సాహంగా ఈ సంఘటనను వర్ణించరు, ఎందుకంటే ఇక్కడ చించినవాళ్లు కూలీలు. ఒక దేశపు కూలి అన్నం ఇంకొక దేశపు పనిమనిషి గౌనులో ఇరుక్కుంది. ఇద్దరినీ ఇరికించిన వర్తక పెట్టుబడి ఒంటిమీద గీతైనా పడలేదు.

తర్వాతి పతనం అందరికీ తెలిసిందే. 1759లో ఫ్రెంచివాళ్ల నుంచి బందరు కోట ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది, 1766లో ఉత్తర సర్కారులు వచ్చాయి. బయానా పుచ్చుకున్న నేతగాడు కంపెనీకి బాకీదారుగానే పనిచేశాడు. ఆపైన మాంచెస్టరు గుడ్డ వచ్చింది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరులో, చుట్టుపక్కల దాదాపు 30,000 మందిని మింగింది. నాలుగేళ్లకు, 1868లో, జర్మనీలో చిరివేరు ఎరుపును తారు నుంచి తయారుచేశారు. సముద్రం కొట్టిన దెబ్బ ఒక్క రాత్రిది, ప్రయోగశాల కొట్టింది నెమ్మదిగా కొట్టింది. ఇవాళ పెడనలో ఎరుపు చాలావరకు ఆ సీసా ఎరుపే.

బట్ట పోయినా మాట మిగిలింది. లండన్ మ్యూజియంలో అద్దాల వెనక ఉన్న గుడ్డను వాళ్లు 'చింట్జ్' అంటారు. మా వైపు 'చీటిగుడ్డ' అంటే, పండక్కి కూలివాళ్ల పిల్లలకు పరికిణీ కుట్టించే చౌక పూలగుడ్డ. రెండూ ఒకే మాట. స్వాతంత్ర్యం తర్వాత 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల బోర్డు, ముఖ్యంగా కమలాదేవి ఛటోపాధ్యాయ పూనిక, చావబోతున్న ఈ పనికి ఊపిరి పోశాయి. ఆ తర్వాత భౌగోళిక గుర్తింపూ వచ్చింది. చెక్క అచ్చు పక్కనే స్క్రీను ముద్ర వచ్చి, అదే పేరుతో, చవగ్గా అమ్ముడవుతోంది. దాన్ని నకిలీ అని ఈసడించే ముందు, దాని వల్లనే మొదటిసారి కలంకారీ పూలు కట్టుకోగలిగిన బడిపంతులమ్మను తలుచుకోవాలి. అచ్చు చెక్కే మనిషి పొట్టను కూడా తలుచుకోవాలి. ఈ రెండింటి మధ్య తీర్పు నాకు చేతకాదు.

తిండి సంగతికి వస్తే బందరు లడ్డు. బుందేల్‌ఖండ్ నుంచి వచ్చిన బొందిలీలు దీన్ని తెచ్చారని ఊళ్లో చెప్పుకుంటారు. శనగపిండితో సన్న కారప్పూస వండి, రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకంలో వేసి, నెయ్యి పోస్తూ మళ్లీ రోకళ్లతో తొక్కాలి. అందుకే తొక్కుడు లడ్డు. నోట్లో వేసుకుంటే పలుకు తగలకూడదు. ఆ మెత్తదనమంతా ఇంకొకరి భుజాల నొప్పి. 2017లో దీనికీ భౌగోళిక గుర్తింపు దక్కింది, కాగితంలో రోకలి పట్టినవాడి కూలి ప్రసక్తి మామూలుగానే లేదు. ఆనకట్ట తర్వాత వరి పండి, గుడివాడ చుట్టూ ఆసాముల ఇళ్లలో నెయ్యి పొంగింది. కూలివాడ పిల్లలకు తీపి అంటే కార్తీక పున్నమికి చిలకలపూడి పాండురంగడి తిరునాళ్లలో కొనే జీళ్లు. నేనెరిగిన ఒక పాలేరు ఏడాదికొకసారి పావుశేరు లడ్డు కొని, అది లెక్కపెట్టి పంచేవాడు. దాన్ని దుబారా అన్న ఆసామి ఇంట్లో లడ్డు డబ్బా ఎప్పుడూ ఖాళీ కాలేదు.

అదే చిలకలపూడి గిల్టు నగలకు పుట్టిల్లు. రాగి, ఇత్తడి మీద పల్చటి బంగారు పూత. 'చిలకలపూడి బంగారం' అని మనం వెటకారానికి వాడతాం, పైపై మెరుగు మనిషిని అలా తిడతాం. ఆ వెటకారం బంగారం ఉన్నవాళ్లది. పెళ్లికి తాకట్టు పెట్టడానికి ఏమీ లేని ఇంట్లో పిల్ల మెడలో ఒక గొలుసు మెరవడానికి, కూచిపూడి భాగవతులు సత్యభామగా నిలవడానికి ఈ పూతే ఆధారం. నిజమైన బంగారం ఆస్తి, దాన్ని దాచుకుంటారు. గిల్టును పెట్టుకుంటారు.

బందరు శివారులో ఒక వసారాలో ఆడవాళ్లు కూర్చుని గాజులకు రాళ్లు అతుకుతుంటే చూశాను. డజనుకింత అని కూలి. కళ్లు మంటలు, వేళ్లకు జిగురు. ఒకామె చేతికి ఒకే జత ఉంది, ఒక గాజుకు రెండు రాళ్లు లేవు. అది పనికిరాదని పక్కనపెట్టిన సరుకట. ఊరికే ఇచ్చారా అని అడిగితే, లేదండీ, ఆ వారం కూలిలో కోసుకున్నారు, అంది. మణికట్టు తిప్పి, రాళ్లున్న వైపు పైకి వచ్చేలా సర్దుకుని మళ్లీ పనిలో పడింది.