బొమ్మల వరుస, దారి పటం: మన వెబ్‌సైటు మళ్లీ కట్టే ముందు కొంచెం చరిత్ర



కిందటేడు మన సంఘం వెబ్‌సైటు పెట్టి, పిల్లల చదువు సహాయం దరఖాస్తు అందులోనే ఉంచాం. గడువు దాటిన తర్వాత ఒక అక్క ఆఫీసుకు వచ్చింది. బీడీలు చుట్టి కొడుకును డిప్లొమా చదివిస్తున్న మనిషి. "అన్నా, రెండు దినాలు వెదికిన. ఫారం ఎక్కడా కండ్లబడలే" అన్నది. ఫారం ఉంది. 'సేవలు' నొక్కి, 'ప్రకటనలు' నొక్కి, ఆ లోపల 'ఉపకార వేతనం' నొక్కితే వస్తుంది. ఇంట్లో తెలుగు మాట్లాడి, సోలాపూర్ బడిలో మరాఠీ చదివిన ఆ అక్కకు 'శిష్యవృత్తి' తెలుసు, 'స్కాలర్‌షిప్' తెలుసు. 'ఉపకార వేతనం' అంటే ఏం తెలుస్తుంది? తప్పు ఆమెది కాదు, మా కమిటీది. ఆ సంవత్సరం ఆ పిల్లవాడికి సహాయం అందలేదు.

ఇప్పుడు వెబ్‌సైటు మళ్లీ కట్టబోతున్నాం. ఈసారి ముందు రెండు పనులు చేయాలనుకున్నాం: ఒకటి స్టోరీబోర్డు, రెండు సైట్‌మ్యాప్. ఇవి ఎక్కడ పుట్టాయో, ఎందుకు పుట్టాయో అందరికీ తెలియాలని ఈ వ్యాసం.

స్టోరీబోర్డు అమెరికాలో, బొమ్మల సినిమాల దగ్గర పుట్టింది. 1930ల మొదట్లో వాల్ట్ డిస్నీ స్టూడియోలో వెబ్ స్మిత్ అనే కళాకారుడు ఒక్కో సన్నివేశాన్ని ఒక్కో కాగితం మీద గీసి, వరుసగా బోర్డుకు గుచ్చడం మొదలుపెట్టాడని చెబుతారు. 1933లో వచ్చిన 'త్రీ లిటిల్ పిగ్స్' ఈ పద్ధతిలోనే తయారైంది. దీని లాభం సులువుగానే అర్థమవుతుంది. బొమ్మల సినిమాలో ఒక్క సెకనుకు 24 ఫ్రేములు కావాలి. అంతా గీశాక కథ బాగాలేదంటే నెలల కష్టం మట్టిపాలు. బోర్డు మీదైతే ఒక కాగితం పీకి ఇంకొకటి గుచ్చితే చాలు. తర్వాత మామూలు సినిమాలకూ ఈ పద్ధతి పాకింది. 1939 నాటి 'గాన్ విత్ ద విండ్' సినిమాకు విలియం కామెరాన్ మెంజీస్ సన్నివేశాలను ముందే బొమ్మలుగా గీయించాడు. మన తెలుగులో బాపు గారు తన సినిమాలకు ఇలాగే బొమ్మలు గీసుకునేవారని అందరికీ తెలిసిందే.

ఇక్కడ పెద్దలకు ఒక సంగతి గుర్తుకు రావచ్చు. మన పద్మశాలీలకు కూనపులివాళ్లు పటం పరిచి మార్కండేయుని కథ, భావనారుషి కథ చెప్పేవాళ్లు. చేర్యాల నకాషీలు గుడ్డ మీద గీసిన పొడుగాటి పటం అది. కథకుడు ఒక్కో గడి చూపుతూ పాడతాడు. మరి స్టోరీబోర్డు మనమే కనిపెట్టామా? అలా చెప్పుకోవడం సరికాదని మా అభిప్రాయం. పటం మీదున్నది తరాలుగా నిలిచిన కథ, దాన్ని ఎవరూ పీకి మార్చరు. స్టోరీబోర్డు ఇంకా తయారు కాని పనిని తప్పులు పట్టడానికి గోడకెక్కించేది. చూపు ఒకటే, పని వేరు.

కంప్యూటర్లవాళ్లు దీన్ని ఎలా తీసుకున్నారు? 1993లో ఆపిల్ కంపెనీలో చేరిన డాన్ నార్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన ఉద్యోగం పేరులోనే 'యూజర్ ఎక్స్‌పీరియెన్స్' అనే మాట పెట్టుకున్నాడు. యంత్రం ఏం చేయగలదన్నది ఒక్కటే చాలదు, వాడే మనిషికి మొదటి నుంచి చివరిదాకా ఏం ఎదురవుతుందో చూడాలన్నది ఆ మాట వెనక ఉన్న ఆలోచన. దానికి బొమ్మల వరుస బాగా పనికొచ్చింది. ఎయిర్‌బీఎన్‌బీ స్థాపకుల్లో ఒకరైన బ్రయాన్ చెస్కీ డిస్నీ జీవిత చరిత్ర చదివి, పిక్సార్ చిత్రకారుణ్ణి పిలిపించి, అతిథికీ ఇల్లు ఇచ్చేవారికీ జరిగేదంతా బొమ్మలుగా గీయించాడు. ఆ పనికి 'స్నో వైట్' అనే పేరు పెట్టారు. బొమ్మలు చూశాక వాళ్లకు తట్టిందేమిటంటే, అసలు అనుభవం తెర బయటే ఎక్కువ జరుగుతోందని.

ఇక సైట్‌మ్యాప్. దీని వేర్లు వేరేచోట ఉన్నాయి. 1976లో రిచర్డ్ సాల్ వర్మన్ అనే వాస్తుశిల్పి, సమాచారాన్ని కూడా ఇల్లు కట్టినట్టు ప్లాను వేసి కట్టాలని చెప్పి, 'ఇన్ఫర్మేషన్ ఆర్కిటెక్ట్' అనే మాటను వాడుకలోకి తెచ్చాడు. 1989లో టిమ్ బెర్నర్స్ లీ వెబ్‌కు ప్రతిపాదన రాశాడు, 1991లో అది లోకానికి తెలిసింది. కొన్నేళ్లకే పేజీలు అడవిలా పెరిగాయి, దారులు తప్పాయి. 1998లో లూయిస్ రోజెన్‌ఫెల్డ్, పీటర్ మోర్విల్ ఈ దారుల గురించే ఒక పుస్తకం రాశారు. ఏ పేజీ కింద ఏ పేజీ ఉండాలో ఒక్క కాగితం మీద గీసేదే సైట్‌మ్యాప్.

అదే పేరుతో ఇంకొకటి ఉంది, కలగాపులగం చేయవద్దు. 2005లో గూగుల్ తెచ్చిన సైట్‌మ్యాప్ ఫైలు వెదికే యంత్రాల కోసం. 2006లో యాహూ, మైక్రోసాఫ్ట్ కూడా దాన్ని ఒప్పుకున్నాయి. కిందటేడు మన సైటుకు ఆ ఫైలు పెట్టాం. అంటే గూగుల్‌కు దారి చూపించాం, అక్కకు చూపించలేదు.

మగ్గం ఎరిగిన మనకు ఇది పెద్ద మాట కాదు. సైట్‌మ్యాప్ పడుగు. ముందే సాగదీసి, వరుస తప్పకుండా కట్టాలి. స్టోరీబోర్డు పేక. ఒక మనిషి ఈ కొస నుంచి ఆ కొసకు ఎలా పోతాడో చూపిస్తుంది. పడుగు సరిగా లేకుంటే పోగు తెగుతుంది. పేక లేకుంటే గుడ్డే లేదు. జకార్డు చద్దరుకు కూడా డిజైను ముందు గ్రాఫ్ కాగితం మీద గడిగడిగా వేస్తేనే కదా కార్డులు కొట్టేది! తప్పు కాగితం మీద దొరికితే రబ్బరుతో పోతుంది, చద్దరు మీద దొరికితే నష్టం మనదే.

అందుకని ఆదివారం ఆఫీసులో రెండు పనులు పెట్టుకున్నాం. మొదటిది: స్కాలర్‌షిప్, పెళ్లి సంబంధాలు, రథోత్సవం చందా, వైద్య సహాయం లాంటి పేర్లు ఒక్కో చీటీ మీద రాసి బల్ల మీద పెడతాం. వచ్చినవాళ్లు ఏది దేని పక్కన ఉండాలో తమకు తోచినట్టు పేర్చాలి. పేరు నచ్చకపోతే కొట్టేసి, ఇంట్లో వాడే మాట రాయాలి. రెండోది: ఆ అక్క కథను ఎనిమిది బొమ్మల్లో గోడకు అంటిస్తాం. ఫోను తీయడం దగ్గర మొదలై, డబ్బు కొడుకు ఖాతాలో పడేదాకా. ఎక్కడ ఆగిపోతుందో మీరే చూపించండి.

కంప్యూటరు తెలిసినవాళ్లే రావాలని లేదు. తెలియనివాళ్లే ఎక్కువ రావాలి. అక్కను కూడా పిలిచాం, వస్తానన్నది. మొదటి చీటీ ఆమె చేతికే ఇస్తాం.