పచ్చసొన ప్రతిరక్షకాలు: లేగదూడల పేగులకు రెండవ రక్ష

పుట్టిన తొలి వారాలలో లేగదూడలను, పందిపిల్లలను ఎక్కువగా బలిగొనే వ్యాధులలో పారుడు రోగం ఒకటి. ఈ.కోలై బ్యాక్టీరియా, రోటా వైరస్, పశువులకు సోకే కరోనా వైరస్, క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి దీనికి ప్రధాన కారకాలు. ఒంటిలోని నీరు, లవణాలు పోవడం వల్ల దూడ ఒకటి రెండు రోజులలోనే మరణించవచ్చు. ఈ ముప్పును తగ్గించేందుకు శాస్త్రవేత్తలు పరిశీలించిన మార్గాలలో కోడిగుడ్డు పచ్చసొన నుంచి లభించే ప్రతిరక్షకాలు, అంటే యాంటీబాడీలు, ముఖ్యమైనవి.

ముర్రుపాలే తొలి రక్ష

ఆవు, గేదె, పంది గర్భంలో మాయ గుండా తల్లి ప్రతిరక్షకాలు పిల్లకు చేరవు. ఈనిన వెంటనే వచ్చే ముర్రుపాల ద్వారానే అవి అందాలి. వాటిని రక్తంలోకి పీల్చుకునే శక్తి దూడ పేగుకు సుమారు 24 గంటలే ఉంటుంది. మొదటి కొన్ని గంటలలో అది అధికం. ఆ సమయం దాటితే ఆ లోటును పూడ్చడం కష్టం.

పెట్ట నుంచి దూడకు

కోడిపెట్ట తన రక్తంలోని ప్రతిరక్షకాలను పచ్చసొనలోకి పంపి, పొదగబోయే పిల్లకు రక్షణ కల్పిస్తుంది. రోగనిరోధక శక్తి ఇలా సొనలోకి చేరుతుందని జర్మన్ వైద్య శాస్త్రవేత్త ఫెలిక్స్ క్లెంపెరర్ 1893లోనే చూపారు. ఈ ప్రతిరక్షకాలకు 1969లో ఐజీవై అనే పేరు పెట్టారు.

దూడలలో వ్యాధి కలిగించే సూక్ష్మజీవితో తయారైన టీకాను పెట్టలకు వేస్తారు. కొన్ని వారాలకు దానిని ఎదుర్కొనే ప్రతిరక్షకాలు గుడ్లలో కనిపిస్తాయి. ఆ సొనను ఆరబెట్టి పొడిచేసి పాలలో కలిపి తాగిస్తారు. కోడి రక్తం తీయవలసిన అవసరం ఉండదు.

ఈ.కోలై బ్యాక్టీరియా తన ఒంటిపై ఉండే సన్నని నూగు వంటి పోగులతో పేగు గోడను పట్టుకుంటుంది. ప్రతిరక్షకాలు ఆ పోగులకు అంటుకుని పట్టు దొరకనివ్వవు. దాంతో బ్యాక్టీరియా పేడతో పాటు బయటకు పోతుంది. ఈ పని పేగులోనే జరుగుతుంది కనుక ప్రతిరక్షకాలు రక్తంలో చేరకపోయినా ప్రయోజనం ఉంటుంది.

ఫలితాలు, పరిమితులు

1992లో జపాన్ పరిశోధకులు ప్రచురించిన ప్రయోగాలలో, ఇటువంటి ప్రతిరక్షకాలు ఎక్కువ మోతాదులో అందిన దూడలు ఈ.కోలై దాడిని తట్టుకుని బతికాయి. అయితే తరువాతి ప్రయోగాలన్నీ ఒకే ఫలితం ఇవ్వలేదు. అందుకు కారణాలున్నాయి. ఒక రకం సూక్ష్మజీవికి తయారైన ప్రతిరక్షకం మరొక రకాన్ని అడ్డుకోలేదు. కడుపులోని ఆమ్లం, జీర్ణరసాలు దానిని దెబ్బతీస్తాయి. 70 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి దాని శక్తి నశిస్తుంది. ప్రభావం తాత్కాలికం కనుక ముప్పు ఉన్నన్ని రోజులూ ఇవ్వవలసిందే.

మామూలు పచ్చి గుడ్డును దూడకు తాగిస్తే ఈ రక్షణ లభించదు. ఆ వ్యాధికి టీకా వేయని పెట్ట గుడ్డులో తగిన ప్రతిరక్షకాలు ఉండవు. పైగా పచ్చి గుడ్డు ద్వారా సాల్మొనెల్లా సోకే ప్రమాదం ఉన్నది.

యాంటీబయాటిక్‌ల భారం

యాంటీబయాటిక్‌ల వాడకం పెరిగిన కొద్దీ వాటికి లొంగని సూక్ష్మజీవులు పెరుగుతున్నాయి. పశువుల పెరుగుదల కోసం మేతలో యాంటీబయాటిక్‌లు కలపడాన్ని ఐరోపా సమాఖ్య 2006లో నిషేధించింది. ఆహారానికి పెంచే జంతువులలో కొలిస్టిన్ వాడకాన్ని భారతదేశం 2019లో నిషేధించింది. వ్యాధి రాకముందే అడ్డుకునే పద్ధతుల ప్రాధాన్యం అందుకే పెరిగింది. గుడ్ల ఉత్పత్తిలో దేశంలోనే ముందున్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు ఈ విజ్ఞానం ఆసక్తికరమైనదే.

అయినా పచ్చసొన ప్రతిరక్షకాలు ముర్రుపాలకు ప్రత్యామ్నాయం కావు. పుట్టిన వెంటనే ముర్రుపాలు, పొడిగా శుభ్రంగా ఉన్న పాక, చూడి పశువుకు పశువైద్యుని సలహాపై టీకా అన్నవి ముందు వరుసలోని జాగ్రత్తలు. పారుడు మొదలైతే లవణాలు కలిపిన నీరు తాగిస్తూ, ఆలస్యం లేకుండా వైద్యునికి చూపించాలి.